సుబ్బరామ దీక్షితులు చరిత్రకారుడా, వాగ్గేయకారుడా? ఆయన మాట ఎంతవరకు నమ్మాలి?

మీ టీచరు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని', అంటే సుబ్బరామ దీక్షితులు కూర్చిన ఆ పెద్ద కర్ణాటక సంగీత గ్రంథం, తెరిచి చూడమన్నారని, తెరిచాక ఇంకా గందరగోళం అయిందని రాశారు. రాసినాయన కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులకు ఏమవుతారు, పుస్తకం తెలుగులో ఎందుకుంది, ఆయన తెలుగువారా, అందులోని జీవితచరిత్రలు నమ్మొచ్చా అని అడిగారు. ముత్తుస్వామి నవగ్రహ కృతుల్లో రాహు కేతు కీర్తనలు అందులో కనపడలేదేమిటని చివర్లో ఇంకో ప్రశ్న వేశారు. అన్నిటికన్నా మంచి ప్రశ్న అదే. దానికి చివర్లో వస్తాను. నేను వీణ చెబుతాను. ఈ పుస్తకంతో ముప్పై ఏళ్ల పైనే కుస్తీ పడుతున్నాను కాబట్టి కాస్త పెద్ద జవాబే ఇస్తున్నాను.

ముందు చుట్టరికం. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు, హంసధ్వని రాగం ఆయన కల్పనే అంటారు. ముత్తుస్వామికి ఇద్దరు తమ్ముళ్లు, చిన్నస్వామి, బాలుస్వామి. బాలుస్వామి కూతురి కొడుకు మన సుబ్బరామ. పుట్టింది 1839లో. మగపిల్లలు లేని బాలుస్వామి ఈ మనవణ్ణి దత్తత తీసుకున్నారు. దాంతో తాతే తండ్రి అయ్యారు, పెదతాత పెదనాన్న అయ్యారు. పుస్తకంలో ముత్తుస్వామిని పెదతండ్రి వరసలో చెబుతారు కాబట్టి చాలామంది ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకున్నాడనుకుంటారు. ముత్తుస్వామి పోయింది 1835లో, అంటే ఈయన పుట్టకముందే. ఇది గుర్తుంచుకోండి, కిందికి వెళ్లేకొద్దీ పనికొస్తుంది.

ఊరు ఎట్టయపురం, ఇప్పటి తూత్తుకుడి జిల్లాలో కోవిల్‌పట్టి దగ్గర. బాలుస్వామి అక్కడ ఆస్థాన విద్వాంసుడు. అంతకుముందు మద్రాసు దగ్గర మణలిలో ముదలియార్ల ఆదరణలో ఉన్నప్పుడు ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని, దాన్ని మన సంగీతానికి అలవాటు చేసిన తొలివాళ్లలో ఒకరు. తమ్ముడి కోసం వచ్చిన ముత్తుస్వామి కూడా ఎట్టయపురంలోనే కన్నుమూశారు, సమాధి అక్కడే ఉంది.

ఎట్టయపురం జమీందార్లు రాజకంబళం నాయకులు, ఇంట్లో తెలుగు మాట్లాడే వంశం. తమ పూర్వీకులు చంద్రగిరి నుంచి వచ్చారని చెప్పుకుంటారు. దీక్షితుల కుటుంబం మాత్రం తమిళ బ్రాహ్మణులు. కాబట్టి 'తెలుగువారా' అన్నదానికి జవాబు: ఇంటి భాషను బట్టి కాదు. కానీ తెలుగు, సంస్కృతం గురువు దగ్గర పద్ధతిగా చదువుకున్నారు. ఆ కాలంలో దక్షిణాదిలో సంగీతం నేర్చుకోవడమంటే తెలుగు నేర్చుకోవడమే. తంజావూరులో నాయకులు, తర్వాత మరాఠా రాజులు తెలుగు పాటలను నెత్తిన పెట్టుకున్నారు. కృతులు, పదాలు, వర్ణాలు చాలావరకు తెలుగే. మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు అచ్చువేసిన సంగీత పుస్తకాలూ తెలుగులోనే వచ్చాయి. ఒక తమిళుడు సంగీత గ్రంథం తెలుగులో రాస్తే ఆ రోజుల్లో ఎవరూ వింతగా చూడలేదు. మనకే వింతగా ఉంది.

ఆయన కుర్రతనం గురించి ఆయనే చెప్పుకున్న సంగతి ఒకటుంది. పదిహేడో ఏట దర్బారు రాగంలో తానవర్ణం చేసి రాజుకు వినిపించారు. రాజు మెచ్చుకున్నాడు గానీ అనుమానం పోలేదు, ఇది బాలుస్వామి చేసి మనవడి పేరు పెట్టాడేమోనని. యమునారాగంలో జతిస్వరం చెయ్యమని అప్పటికప్పుడు పరీక్ష పెట్టాడు. కుర్రాడు చేసి చూపించాడు, బహుమానం పుచ్చుకున్నాడు. తర్వాత ఆస్థాన విద్వాంసుడయ్యాడు. తన కథ తనే చెప్పుకున్నాడు కాబట్టి కాస్త ఉప్పూ కారం కలిసి ఉండొచ్చు. నాకు మాత్రం నమ్మశక్యంగానే ఉంటుంది, ఎందుకంటే ఆయన వర్ణాలు, రాగమాలికలు చూస్తే లెక్క తప్పని చెయ్యి కనపడుతుంది. కంచి శంకరాచార్యుల మీద శంకరాభరణంలో చేసిన 'శంకరాచార్యం' కృతి మీరు వినే ఉంటారు. పాడేవాళ్లు చాలామంది, ఎవరు చేశారని ఆలోచించేవాళ్లు తక్కువ.

అలా నలభై ఏళ్లకు పైగా రాజుగారి కొలువు, పాఠాలు, రచనలు. అరవై దగ్గర పడేదాకా పుస్తకం ఊసే లేదు. ఆ మలుపు తిప్పింది బయటి మనిషి. చిన్నస్వామి ముదలియార్ క్రైస్తవుడు, ఎం.ఏ. చదివి మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగం చేసేవాడు. పడమటి స్వరలిపి, ఆ అయిదు గీతల పద్ధతిలో మన కీర్తనలు అచ్చువెయ్యాలన్నది ఆయన పిచ్చి. పిచ్చి అని ప్రేమగానే అంటున్నాను. 1890ల మొదట్లో ఒక పత్రికలాగా వేశాడు కూడా. ముత్తుస్వామి కృతుల శుద్ధపాఠం కోసం వెతుక్కుంటూ సుబ్బరామ దీక్షితుల దగ్గరికి వచ్చాడు. ముదలియార్ డబ్బు కరిగిపోయింది, కంటిచూపు మందగించింది, పని సగంలో ఉంది. చివరికి 1899లో ఎట్టయపురం వచ్చి, కొత్తగా గద్దెనెక్కిన రాజు జగద్వీర రామ వేంకటేశ్వర ఎట్టప్పతో, 'మీ విద్వాంసుడి దగ్గరున్నది ఆయనతోనే పోనివ్వకండి, అచ్చు వేయించండి' అని అడిగాడు.

దీక్షితులు వెంటనే ఒప్పుకోలేదు. ఇంటి విద్య బజారులో పెట్టడం ఆ తరానికి చిన్న విషయం కాదు. గమకాలకు, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటివాటికి, అచ్చులో గుర్తులు ఎక్కడివన్న సాకు కూడా ఉండనే ఉంది. దివాను జగన్నాథ చెట్టియార్ పట్టుబట్టారు, రాజు ఖర్చు పెట్టుకున్నాడు, అంతదాకా లేని గుర్తులకు టైపులు పోత పోయించారు. ఎట్టయపురంలోని విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో 1904లో పుస్తకం వెలువడింది. రెండు సంపుటాలు, సుమారు 1,700 పేజీలు. అంత మారుమూల జమీలో, అది కూడా తెలుగు లిపిలో! పుట పుటకూ చుక్కలు, గీతలు, వంకరలు కూర్చిన ఆ కంపోజిటర్ల ఓపికను తలుచుకుంటే నాకు ఒక్కోసారి దీక్షితుల కన్నా వాళ్ల మీదే గౌరవం ఎక్కువవుతుంది.

ఆ గుర్తుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ గందరగోళంలో సగం అక్కడే ఉంది. మామూలు పుస్తకంలో స రి గ మ అని ఉంటుంది. అది చూసి హార్మోనియం మీద వాయిస్తే తోడి రాదు, ఎందుకంటే తోడిలో గాంధారం ఊగుతుంది. ఆ ఊపు అక్షరంలో లేదు, గురువు వేలిలో ఉంది. దీక్షితులు ఆ వేలిని కాగితం మీద పెట్టబోయారు. స్వరం మీద అలల గీత ఉంటే కంపితం. జంటస్వరాలు పైకి వెళ్లేటప్పుడు స్ఫురితం, దానికి మూడు చుక్కలు. దిగేటప్పుడు ప్రత్యాహతం, అవే చుక్కలు తలకిందులుగా. జారుకు గీత, ఎక్కితే పైకి వాలి, దిగితే కిందికి వాలి. ఇవి కాక నొక్కు, రవ, ఖండింపు, వళి, ఇంకా ఒకటి రెండు. పేర్లు గమనించారా? శాస్త్రగ్రంథాల సంస్కృతం పేర్లు కొన్నే. మిగతావి వీణ వాయించేవాళ్లు ఇళ్లలో వాడుకున్న మాటలు. 'ఏట్ర జారు', 'ఇరక్క జారు' అంటారు చూడండి, ఎక్కడం దిగడం తమిళం, జారడం తెలుగు. వాళ్ల ఇంట్లో పాఠం ఏ భాషలో నడిచిందో ఆ రెండు మాటల్లో వినిపిస్తుంది.

కాబట్టి గుర్తులను గాత్రం కోసం అనుకోకుండా వీణ పట్టుకుని చదవండి. 'ఒదుక్కల్' అన్నచోట పై మెట్టుకు వెళ్లకుండా, ఉన్న మెట్టు మీదే తీగను పక్కకు లాగి పై స్వరం తెప్పించాలి. అది చేత్తో చేసి చూస్తేనే అర్థమవుతుంది. నేను మొదటి మూడు నెలలు వీణ పక్కన పెట్టి కళ్లతో చదివాను. ఒక్క ముక్క ఎక్కలేదు.

ఇక చరిత్రకారుడా, వాగ్గేయకారుడా (పాటకు మాటా బాణీ రెండూ తనే కట్టేవాడా) అన్నది. ఆ రెండూ ఆయనలో విడివిడిగా లేవు, పుస్తకం కూర్పులోనే కలిసిపోయాయి. ఏ రాగం తీసుకున్నా వరస ఇలా ఉంటుంది: ముందు లక్షణ శ్లోకం, రాగం నడక మీద వివరణ, తర్వాత పాత శాస్త్రకారుడు వేంకటమఖి పేరున వచ్చిన గీతం, దొరికితే తానం, ఆ పైన ముత్తుస్వామి కృతులు, ఉంటే వేరేవాళ్లవి. చివర్లో మఠ్య తాళంలో ఒక సంచారి, అంటే రాగం నడకంతా చూపించే స్వరరచన, అది సుబ్బరామ దీక్షితుల సొంతం. పాత సాక్ష్యాలన్నీ వరసగా పేర్చి, 'వీటిని బట్టి ఈ రాగం నాకు ఇలా అర్థమైంది' అని ఒక పాటతో ముగించడమన్నమాట. ఇంకొక చరిత్రకారుడైతే పేరా రాసేవాడు. ఈయన సంచారి రాశారు.

అందుకే నేను పిల్లలకు చెప్పేదేమిటంటే, కొత్త రాగం తెరిస్తే కృతి జోలికి పోకుండా ముందు సంచారి వాయించమని. పది నిమిషాల్లో రాగం ఎటు మళ్లుతుందో తెలిసిపోతుంది.

రాగాల పేర్లు వేరుగా ఉన్నాయని కంగారు పడకండి. మీరు నేర్చుకున్నది కనకాంగి మొదలయ్యే 72 మేళాల (మూల రాగాల) పట్టిక. ఈయనది కనకాంబరి మొదలయ్యేది. మీ మేచకల్యాణి ఆయనకు శాంతకల్యాణి. మీకు 22వ మేళం ఖరహరప్రియ, ఆయనకు శ్రీరాగం. ఆ పద్ధతిలో మేళరాగం ఆరోహణలోనూ అవరోహణలోనూ ఏడు స్వరాలూ వరసగా ఉండాలన్న పట్టుదల లేదు. రెండూ కలిపి ఏడు వస్తే చాలు. ఈ పట్టిక వేంకటమఖిదేనని దీక్షితులు నమ్మారు. వాళ్ల ఇంటికి ఆ విద్య వేంకటమఖి వంశంవాడైన వేంకట వైద్యనాథ దీక్షితుల నుంచి రామస్వామి దీక్షితుల ద్వారా వచ్చింది కాబట్టి ఆ నమ్మకం సహజమే. కానీ 17వ శతాబ్దంలో వేంకటమఖి రాసిన 'చతుర్దండి ప్రకాశిక'లో 72 మేళాల లెక్క ఉంది గానీ ఈ కనకాంబరి పేర్లు లేవు. పేర్లు, రాగలక్షణ శ్లోకాలు తర్వాతి తరంవాడైన ముద్దు వేంకటమఖివని ఇప్పటి పండితుల మాట. దీక్షితులు ఇద్దరినీ ఒకరిగా చూశారు. ఇంటి తాళపత్రాల్లో ఏది ఎవరిదో విడదీసి చూసే అలవాటు ఆయన తరానికి లేదు.

ఆ 'చతుర్దండి ప్రకాశిక' ప్రతి కోసమే 1904లో బొంబాయి నుంచి భాత్‌ఖండే ఎట్టయపురం దాకా వచ్చి దీక్షితులను కలిశారు. హిందుస్తానీ రాగాలను పది థాట్లుగా, అంటే పది వర్గాలుగా, సర్దిన పెద్దమనిషి ఆయన. వేంకటమఖి మేళ పద్ధతి ఆయన మీద ఎంత పనిచేసిందో ఆ తర్వాత ఆయన రాసిన వాటిలో తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, జీవితచరిత్రలు. పుస్తకం మొదట్లో 'వాగ్గేయకార చరిత్రము' అని డెబ్బైకి పైగా మందివి ఉన్నాయి. జయదేవుడు, క్షేత్రయ్య లాంటి అందరికీ తెలిసినవాళ్లు సరే, నాకు విలువైనవి రెండో వరసవాళ్లవి. భైరవి వర్ణం చేసిన పచ్చిమిరియం ఆదియప్పయ్య, త్యాగయ్యగారి గురువు సొంఠి వెంకటరమణయ్య, వేయి గీతాలవాడని పేరున్న పైడాల గురుమూర్తి శాస్త్రి వంటివాళ్లు. ఎవరు ఎవరి శిష్యుడు, ఎవరు ఏ ఆస్థానంలో ఉన్నాడు, ఏ రచనకు పేరు వచ్చింది అన్న నాలుగు ముక్కలు రాసిపెట్టకపోతే వీళ్లలో కొందరి పేరు తప్ప మనకు ఇంకేమీ మిగిలేది కాదు. ఈ సమాచారం ఎక్కువగా తాతగారి నోట విన్నది, ఆస్థానాల్లో చెప్పుకున్నది. కాబట్టి నేను దాన్ని మూడు పొరలుగా చదువుతాను. గురుశిష్య సంబంధాలు, రచనలు దాదాపు నమ్ముతాను, ఎందుకంటే సంగీతపు ఇళ్లలో జనం మరిచిపోని విషయాలవి. మహిమలను, ఉదాహరణకు తిరుత్తణిలో ఒక ముసలాయన ముత్తుస్వామి నోట్లో కలకండ పెట్టగానే 'శ్రీనాథాది' కృతి వచ్చిందన్నదాన్ని, ఆ ఇల్లు తన పెద్దవాణ్ణి ఎలా తలుచుకుందో తెలుసుకోవడానికి చదువుతాను. మూడోది తేదీలు. అక్కడ ఒక చిక్కుంది.

ముత్తుస్వామి పుట్టుక మన్మథ సంవత్సరం, ఫాల్గుణ మాసం, కృత్తికా నక్షత్రం. మన్మథ అనగానే చాలామంది 1775 అని రాసేశారు. మన్మథ మొదలైంది 1775 ఉగాదికే, నిజమే. కానీ ఫాల్గుణం ఏడాది చివరి నెల కదా. అప్పటికి ఇంగ్లీషు క్యాలెండర్లో 1776 మార్చి వచ్చేసింది. మనింట్లో పంచాంగం చూసే ఏ అమ్మమ్మను అడిగినా చెప్పే లెక్క ఇది. అయినా ఎన్ని పుస్తకాల్లో 1775 అని ఉందో! ఇక్కడ తప్పు సుబ్బరామ దీక్షితులది కాదు, చదివినవాళ్లది. ముత్తుస్వామి పోయిన 1835 నరకచతుర్దశి కూడా మన్మథలోనే పడింది. మన్మథలో పుట్టి, అరవై ఏళ్ల చక్రం తిరిగి మళ్లీ మన్మథ వచ్చాక దీపావళి వేళ, శిష్యులు 'మీనాక్షి మే ముదం' పాడుతుండగా పోయారని ఆ ఇంటి కథ.

రాహు కేతువుల సంగతి. నవగ్రహ కృతులని ఇప్పుడు తొమ్మిది పాడుతున్నాం. పుస్తకంలో ఆదివారం నుంచి శనివారం దాకా ఏడే ఉన్నాయి. మీ పుస్తకంలో పేజీలు పోలేదు. రాహువు మీది 'స్మరామ్యహం', కేతువు మీది 'మహాసురం' రెండూ తర్వాత బయటికి వచ్చినవి. సుబ్బరామ దీక్షితులు 1906లో పోయాక ఆయన కొడుకు అంబి దీక్షితులు మద్రాసు చేరి పాఠం చెప్పారు. డి.కె. పట్టమ్మాళ్, జస్టిస్ టి.ఎల్. వెంకటరామ అయ్యర్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఆ శిష్యవర్గం నుంచి, ఇతరుల నుంచి ముత్తుస్వామి పేరుతో ఇంకా చాలా కృతులు అచ్చయ్యాయి. ప్రదర్శినిలో ఉన్నవి 229. ఇప్పుడు లెక్కల్లో చూపించేవి నాలుగు వందలు దాటాయి. మిగతావన్నీ దొంగవి అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను అంత దూరం పోను. సుబ్బరామ దీక్షితులు తనకు తెలిసినవన్నీ ఆ ఒక్క పుస్తకంలో పెట్టేశారనడానికి ఆధారం లేదు. మరుసటి ఏడాదే, 1905లో, 'ప్రథమాభ్యాస పుస్తకము' వేస్తూ మరికొన్ని ఇచ్చారు కూడా. అయితే వారాలు ఏడు కాబట్టి ఏడు కృతులు చేశారన్నది కుదురుగా ఉంది. ఆ ఏడుకూ ఏడు తాళాలు ఉండటం కూడా దానికి సరిపోతుంది. రాహు కేతువుల రెండూ ఆ ఏడింటిలో ఒకటైన రూపక తాళంలోనే మళ్లీ ఉన్నాయి. నా మటుకు నాకు ఆ రెండూ తర్వాత చేర్చినవే. కచేరీలో మాత్రం తొమ్మిదీ వాయిస్తాను, వినేవాళ్లకు తొమ్మిది కావాలి మరి.

అన్నట్టు కచేరీ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. చిన్నప్పుడు ఉత్సాహం కొద్దీ ఒక సభలో బాగా పేరున్న కృతిని ప్రదర్శినిలో ఉన్నట్టే వాయించాను. ముందువరసలో ఒక పెద్దాయన లేచి, 'అమ్మాయీ, పాఠం సరిగా రాకపోతే ఇంకోటి వాయించు' అన్నారు. చేతులు వణికాయి, ఆ టెన్షన్‌లో చిట్టస్వరం మరిచిపోయాను. ఇంటికి వచ్చాక మా గురువుగారు నవ్వి, 'ఆయన నేర్చుకున్నదీ పాఠమే, నువ్వు చదివిందీ పాఠమే. చెప్పి వాయించి ఉండాల్సింది' అన్నారు. అప్పటినుంచి ఇది ఏ పాఠాంతరమో, అంటే ఎవరి ఇంటి బాణీయో, ముందే చెబుతాను. ప్రదర్శిని 1904 నాటి ఒక ఇంటి పాఠాన్ని పట్టుకున్న ఫొటో లాంటిది. మీ టీచరు చెప్పింది దానితో కలవకపోతే ఇద్దరిలో ఒకరు తప్పని కాదు. ఈ మాట మీ టీచరుతో వాదన పెట్టుకోకముందే చెబుతున్నాను.

మీకు ఆసక్తి ఉంటుందని ఒక చిన్న ముక్క. అదే ఎట్టయపురంలో 1882లో పుట్టిన కుర్రాడు తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి. వాళ్ల నాన్న కూడా ఆ ఆస్థానంలో పనిచేసినవాడే. సుబ్బరామ దీక్షితులు పోయినప్పుడు భారతి తమిళంలో పద్యాలు రాశాడు. కర్ణుడితో దానం పోయింది, కంబడితో కవిత్వం పోయింది, పార్థుడితో వీరం పోయింది అంటారు కదా, సుబ్బరాముడితో సంగీతపు సంపద పోయిందని చెప్పుకోవచ్చు అన్నది దాని సారం. తెలుగులో ఇంత పని చేసిన మనిషికి తెలుగులో అలాంటి పద్యం నాకు కనపడలేదు.

తెలుగు పుస్తకం స్కాన్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి అయిదు సంపుటాలుగా తమిళంలో వేసింది. ఇంగ్లీషు అనువాదం కూడా ఉచితంగానే ఉంది. మీకు తెలుగు వచ్చు కాబట్టి మూలమే చదవండి. గ్రాంథికం మొదట బరువుగా ఉంటుంది, నాలుగు పేజీలయ్యాక అలవాటవుతుంది. మొదట గుర్తుల వివరణ పేజీలు జిరాక్స్ తీసి వీణ పక్కన పెట్టుకోండి. తర్వాత 15వ మేళం మాయామాళవగౌళకు వెళ్లండి. సరళీలు, జంటలు అందులోనే నేర్చుకున్నారు కాబట్టి స్వరస్థానాల గొడవ ఉండదు. సంచారి ఒక వారం, 'శ్రీనాథాది' ఒక నెల. నొక్కు ఎక్కడ వెయ్యాలో తేలకపోతే ఆ వరస రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.